అంకుశం ఎవరి మీద?

ప్రజలను అణచివేసే పాలకుణ్ణి తెలుగులో నిరంకుశుడు అంటారు. అంకుశం మావటి చేతిలోది. ఏనుగు దారి తప్పినప్పుడు దాన్ని నిలువరించే ఇనుప కొక్కెం. దానికి లొంగనివాడు నిరంకుశుడు. ఒక రాజకీయ సిద్ధాంతమే ఈ మాటలో ఇమిడి ఉంది: అదుపులో ఉంచవలసిన ఏనుగు అధికారం. అయినా వ్యక్తి స్వేచ్ఛకు ఏ హద్దులు నైతికంగా న్యాయమైనవి అనే చర్చ దాదాపు ఎప్పుడూ వ్యక్తి వైపు నుంచే మొదలవుతుంది. అతను ఎంత దూరం పోవచ్చు, ఎక్కడ ఆగాలి అని లెక్క కడతారు. ఇలా మొదలుపెడితే స్వేచ్ఛ ఎవరో కొలిచి ఇచ్చే వాటా అయిపోతుంది, దాన్ని కోరేవాడు సంజాయిషీ చెప్పుకోవలసిన స్థితికి దిగజారతాడు. దారిన పోయేవాడు ఎందుకు పోతున్నాడో చెప్పనక్కర్లేదు. అతన్ని ఆపినవాడు ఎందుకు ఆపాడో చెప్పాలి. అదీ ఆగినవాడికి ఎదురుగా నిలబడి, అతను తనతో సమానుడని ఒప్పుకుంటూ చెప్పగలిగిన కారణం అయి ఉండాలి. ఈ పరీక్షకు నిలిచే హద్దులు ఉన్నాయి, నిలవనివీ ఉన్నాయి. గతంలో విధించిన హద్దులను దీని ముందు పెట్టి చూస్తే, న్యాయమైన హద్దు ఎక్కడ అన్యాయంగా మారుతుందో కూడా కొంత కనిపిస్తుంది.

ఇతరులకు హాని చేయని దేన్నయినా చేయగలగడమే స్వేచ్ఛ అని 1789లో ఫ్రాన్సు జాతీయ సభ ఆమోదించిన మానవ, పౌర హక్కుల ప్రకటనలోని నాలుగో అధికరణం నిర్వచించింది. ఆ హద్దులను చట్టమే నిర్ణయించాలని కూడా చెప్పింది. 1859లో ఆంగ్లేయ తత్వవేత్త జాన్ స్టూవర్ట్ మిల్ స్వేచ్ఛ గురించి రాసిన గ్రంథంలో ఈ ఆలోచనను ఒక సూత్రంగా బిగించాడు. ఒక మనిషి మీద అతని ఇష్టానికి విరుద్ధంగా సమాజం బలప్రయోగం చేయడానికి న్యాయమైన కారణం ఒక్కటే, అది ఇతరులకు హాని జరగకుండా చూడటం. అతని మంచి కోసమే అన్నది చాలిన కారణం కాదు. నూట అరవై ఏళ్లు దాటినా ఈ విషయం మీద మాట్లాడేవారు ఆ వాక్యం దగ్గరికి రాక తప్పడం లేదు.

చిక్కంతా హాని అనే మాటలో ఉంది. ఒకరికి ఉద్యోగం వస్తే పోటీపడిన మరొకరికి నష్టమే. ప్రేమను నిరాకరిస్తే ఎదుటివారికి కలిగే బాధ చిన్నది కాదు. కొత్త వ్యాపారం పుంజుకుంటే పాతది మూతపడవచ్చు. వీటన్నిటినీ హాని అని లెక్కేస్తే మనిషి ఊపిరి పీల్చడానికి కూడా ఎవరిదో అనుమతి కావాలి. కిక్కిరిసిన వృత్తిలోనో పోటీ పరీక్షలోనో గెలిచినవాడు ఓడినవాడికి అన్యాయం చేయలేదని మిల్ కూడా స్పష్టంగానే చెప్పాడు. కాబట్టి హద్దుకు ఆధారమయ్యేది నష్టం కలగడం ఒక్కటే కాదు, ఎదుటివారికి చెందవలసిన దాన్ని భంగపరచడం. దేహం, ఆస్తి, పరువు, నమ్మి చేసుకున్న ఒప్పందం, భయం లేకుండా తిరగగలిగే వీలు ఆ కోవలోకి వస్తాయి. కొట్టేవాడి చేతిని పట్టుకున్నప్పుడు అతని స్వేచ్ఛ తగ్గిన మాట నిజమే, కానీ ఆ తగ్గింపుకు కారణం అతనికి చెప్పగలం. అతను కూడా దెబ్బ తినకూడదనే కోరుకుంటాడు. తనకు కావలసిన రక్షణను మరొకరికి ఇవ్వనంటే ఆ మాట అతని నోటే నిలవదు.

ఈ సూత్రాన్ని రాసిన మిల్‌కే ఒక పెద్ద లోపం ఉంది, దాన్ని దాటవేయడం తగదు. ఆయన 1823 నుంచి 1858 వరకు ఈస్టిండియా కంపెనీ కార్యాలయంలో పనిచేశాడు. పరిణతి చెందిన మనుషులకే తన సూత్రం వర్తిస్తుందని, పిల్లలతో పాటు వెనుకబడిన సమాజాలు కూడా దాని వెలుపలే ఉంటాయని, అనాగరికులను బాగుచేసే ఉద్దేశం ఉంటే వారి మీద నిరంకుశ పాలన న్యాయమేనని అదే గ్రంథంలో రాశాడు. కోట్ల మంది పెద్దవాళ్లను ఒక్క వాక్యంతో పిల్లల పక్కన కూర్చోబెట్టాడు. సూత్రం చెడ్డది కాదు, దాన్ని ఎవరికి వర్తింపజేయాలో తేల్చే చోట అన్యాయం దూరింది. ఈ తరహా పొరపాటు మళ్లీ మళ్లీ కనిపిస్తుంది: హద్దు ఎంత అనే విషయం మీద గ్రంథాలు రాస్తారు, మనిషిగా లెక్కకు వచ్చేది ఎవరు అనే విషయాన్ని మాత్రం ఒక ఉపవాక్యంలో తేల్చేస్తారు.

హాని తప్పనిసరిగా జరుగుతుందని తెలిసినప్పుడు ఆపడం సులభం. జరగవచ్చు అన్నప్పుడే నిర్ణయం కష్టం, అంటురోగాల చరిత్ర నిండా ఇలాంటి సందర్భాలే. న్యూయార్క్‌లో సంపన్నుల ఇళ్లలో వంట చేసిన మేరీ మాలన్ అనే ఐర్లండ్ వలస మహిళ ఉదంతం వీటిలో అందరికీ తెలిసినది. ఆమె పనిచేసిన ఇళ్లలో టైఫాయిడ్ కేసులు వరసగా రావడం గమనించి 1907లో ఆరోగ్యాధికారులు ఆమెను బలవంతంగా తీసుకెళ్లి పరీక్షించారు. ఒంట్లో వ్యాధి లక్షణం ఒక్కటీ లేదు, కానీ ఆ క్రిములు ఉన్నాయి. ఆరోగ్యంగా ఉన్న మనిషి కూడా రోగాన్ని మోయగలదనే సంగతి అప్పటికి వైద్యులకే కొత్త. ఆమె దాన్ని ఎన్నడూ నమ్మలేదు. ఆమెను నార్త్ బ్రదర్ అనే చిన్న ద్వీపంలో ఉంచారు. 1909లో విడుదల కోరుతూ కోర్టుకు వెళితే అర్జీ కొట్టేశారు. మళ్లీ వంట చేయనని మాట ఇచ్చాక 1910లో వదిలిపెట్టారు. కొంతకాలం బట్టలుతికే పని చేసింది. వంటలో వచ్చే సంపాదన అందులో రాదు. 1915లో ఒక ప్రసూతి ఆసుపత్రిలో 25 మందికి టైఫాయిడ్ సోకి ఇద్దరు మరణించారు. మారుపేరుతో అక్కడ వంట చేస్తున్నది ఆమేనని తేలింది. అప్పుడు తిరిగి ద్వీపానికి పంపారు, 1938లో చనిపోయేవరకు ఆమె అక్కడే ఉంది. రెండు విడతలూ కలిపితే దాదాపు 26 ఏళ్లు.

ఈ ఉదంతాన్ని చదివేవారు సాధారణంగా రెండు పక్షాలుగా చీలిపోతారు: ఆమె ప్రమాదకారి అని కొందరు, బలిపశువు అని కొందరు. రెండూ నిజమే కావడం వల్లనే దీన్ని జాగ్రత్తగా విడదీసి చూడాలి. ఇతరులకు వంట చేయవద్దు అన్న హద్దు మొదటి రోజు నుంచి చివరి రోజు వరకు న్యాయమైనదే. తన చేతి వంట తిన్నవారు చనిపోవచ్చునని తెలిశాక అది చెప్పుకోలేని కారణం కాదు, ఆమె నమ్మకపోయినా సరే. కానీ ఆ హద్దు నెరవేరడానికి ద్వీపం అక్కర్లేదు. ఆ దశాబ్దాల్లో ఆమె వంటి ఆరోగ్యవంతులైన వాహకులు నగరంలో వందల సంఖ్యలో బయటపడ్డారు, వారిలో దాదాపు అందరూ తమ తమ ఇళ్లలోనే బతికారు. ఆమె పేదది, వలస వచ్చినది, ఒంటరిది, నోరున్న మనిషి అన్న పేరు తెచ్చుకున్నది. అదే ప్రమాదం మరొకరి విషయంలో అంత కఠినమైన హద్దును రప్పించలేదు. సమానమైన ప్రమాదానికి అసమానమైన నిర్బంధం విధించినప్పుడు ప్రమాదం నుంచి కాపాడటం అన్న కారణం సగంలోనే ఆగిపోతుంది, మిగతా సగానికి చెప్పుకోదగిన కారణం ఏదీ మిగలదు.

దీనిలో ఇంకో సంగతి ఉంది, దాన్ని తగినంతగా చర్చించరు. అందరి క్షేమం కోసం ఒక మనిషి తన బతుకుతెరువును వదులుకోవలసి వస్తే, ఆ అందరూ ఆ మనిషికి బాకీ పడతారు. వంట మానెయ్యమన్న నగరం అంత జీతం వచ్చే వేరే పని నేర్పించి ఉంటే, లేదా తగ్గిన ఆదాయాన్ని పూడ్చి ఉంటే, 1915 నాటి మరణాలు తప్పేవేమో చెప్పలేం. కానీ హద్దు న్యాయంగా మారడానికి అది అవసరమైన షరతు. నష్టమంతా ఒకరి నెత్తిన వేసి ఫలితం మాత్రం అందరూ పంచుకునే హద్దును న్యాయమైనది అనడానికి మనసొప్పదు, దాని ఉద్దేశం ఎంత మంచిదైనా.

దాదాపు అదే కాలంలో అమెరికాలోని మసాచుసెట్స్ రాష్ట్రం కేంబ్రిడ్జ్ పట్టణంలో మశూచి వ్యాపించింది. పెద్దవాళ్లంతా టీకా వేయించుకోవాలని 1902లో పట్టణ ఆరోగ్య మండలి ఆదేశిస్తే ఒక మతబోధకుడు నిరాకరించాడు. చిన్నతనంలో వేసిన టీకా తనకు పడలేదన్నది ఆయన వాదన. 5 డాలర్ల జరిమానా పడింది. 1905లో సుప్రీంకోర్టు ఆ జరిమానాను సమర్థించింది. జేకబ్సన్ కేసుగా పేరుపడిన ఆ తీర్పు రెండు విషయాలను పక్కపక్కన పెట్టింది. అంటురోగం నుంచి తనను తాను కాపాడుకునే హక్కు సమాజానికి ఉంది. అయితే ఆ అధికారం ఇష్టానుసారంగా, అవసరాన్ని మించి సాగితే కోర్టులు అడ్డుకోవాలి, టీకా వల్ల ఆరోగ్యం దెబ్బతినే మనిషిని బలవంతపెట్టడం క్రూరత్వమే అవుతుంది. ఎవరినీ పట్టుకుని సూది గుచ్చలేదు. చట్టం అడిగింది టీకా లేదా జరిమానా. మశూచి ముప్పు ఎదురుగా ఉంది, హద్దు దానికి తగినంతే ఉంది, వద్దనుకున్నవాడికి దారి మిగిలింది. ముఖాముఖి చెప్పగలిగిన కారణమే అది.

ఇరవై రెండేళ్ల తరవాత అదే కోర్టు అదే తీర్పును వేరే పనికి వాడింది. వర్జీనియా రాష్ట్రంలో ప్రభుత్వ సంస్థలో ఉంచిన ఒక యువతికి మందబుద్ధి అనే ముద్ర వేసి, ఆమెకు పిల్లలు పుట్టకుండా బలవంతంగా శస్త్రచికిత్స చేయడాన్ని 1927లో బక్ కేసులో ఎనిమిది మంది న్యాయమూర్తులు సమర్థించారు, ఒక్కరు విభేదించారు. తీర్పు రాసిన ఆలివర్ వెండెల్ హోమ్స్ ఆధారంగా చూపింది జేకబ్సన్ కేసునే. నిర్బంధ టీకాను నిలబెట్టే సూత్రం ఇంత దూరం కూడా వస్తుందని ఆయన రాశాడు. ఆ యువతికి బుద్ధిమాంద్యం లేదని తరవాతి పరిశోధనల్లో తేలింది. ఇలాంటి చట్టాల కింద ఆ దేశంలో మొత్తం మీద 60,000 మందికి పైగా ఈ చికిత్సకు గురయ్యారు.

ఒక న్యాయమైన హద్దు నుంచి ఒక ఘోరానికి మధ్య ఉన్న దూరాన్ని ఆ తీర్పు ఒక్క వాక్యంలో దాటేసింది. అందుకే ఆ రెంటి మధ్య తేడాను పట్టి చూపడం ఈ విషయంలో అన్నిటికన్నా ముఖ్యమైన పని. మశూచి సోకే ముప్పు ఎవరికైనా సమానమే, టీకా ఆదేశం పెద్దలందరికీ వర్తించింది. శస్త్రచికిత్స కొందరిని ఏరి వారి మీద మాత్రమే ప్రయోగించారు. జరిమానా కట్టినవాడి శరీరం అతనిదిగానే మిగిలింది. ఆమెకు జరిగినదాన్ని వెనక్కి తీసుకునే మార్గం లేదు. అన్నిటినీ మించి, మతబోధకుడికి చెప్పిన కారణం అతను చేయని ఒక పని గురించి. ఆ యువతికి చెప్పిన కారణం ఆమె ఉనికి గురించి, నీలాంటివాళ్లు పుట్టకూడదని. అలాంటి మాటను సమానుడికి చెప్పడం సాధ్యం కాదు. చెప్పిన క్షణంలోనే వినేవారు సమానులు కాకుండా పోతారు. చేసే పనిని ఆపే హద్దు న్యాయం కావచ్చు. మనిషి పుట్టుకను, జాతిని, రకాన్ని తప్పుగా చూసే హద్దు ఏ లాభం చూపినా న్యాయం కాలేదు.

ఇతరుల ఏవగింపు మరో తరహా కారణం. ఇంగ్లండ్‌లో పెద్దవాళ్లయిన మగవారి మధ్య ఏకాంతంలో, పరస్పర అంగీకారంతో జరిగే లైంగిక చర్యలను నేరంగా చూడకూడదని 1957లో ప్రభుత్వం నియమించిన వుల్ఫెండెన్ కమిటీ సిఫార్సు చేసింది. వ్యక్తిగత నీతి అనే ఒక ప్రాంతంలో చట్టానికి పని లేదన్నది దాని మాట. పాట్రిక్ డెవ్లిన్ అనే న్యాయమూర్తి 1959లో దీన్ని ఖండించాడు: ఉమ్మడి నీతి సమాజాన్ని కట్టి ఉంచే తాడు, దాన్ని సడలనిస్తే సమాజమే విడిపోతుంది, కాబట్టి సామాన్యుడి తీవ్రమైన ఏవగింపును చట్టం లెక్కలోకి తీసుకోవాలి. న్యాయశాస్త్రవేత్త హార్ట్ దీనికి జవాబిస్తూ, నీతి ఏ ఒక్క చోట మారినా సమాజం కూలిపోతుందనడానికి ఆధారం ఏదని అడిగాడు. 1967లో చట్టం మారింది, సమాజం కూలలేదు. అయితే కూలి ఉన్నా డెవ్లిన్ వాదం నిలిచేది కాదని అనిపిస్తుంది. నా పక్కింట్లో తలుపులు మూసుకుని జరిగేది తలచుకుంటే నాకు అసహ్యం వేస్తోంది అన్న మాటలో చెప్పేవాడి మనసు గురించిన సమాచారమే ఉంది, పక్కింటివాడు ఎందుకు ఆగాలో లేదు. అర్ధరాత్రి చెవులు చిల్లులు పడేలా సంగీతం పెట్టేవాడి విషయం వేరు; ఆ శబ్దం గోడ దాటి వచ్చి నిద్ర చెడగొడుతుంది, తప్పించుకునే వీలు ఉండదు.

మాట విషయంలో కూడా ఇదే గీత పనికివస్తుంది. ధాన్యం వర్తకులు పేదలను ఆకలితో చంపుతున్నారని పత్రికలో రాస్తే ఆపకూడదని, అదే మాట వర్తకుడి ఇంటి ముందు కోపంతో గుమిగూడిన గుంపుకు చెబితే శిక్షించవచ్చని మిల్ అన్నాడు. నాటకశాలలో మంటలని అబద్ధపు కేక వేసి తొక్కిసలాట సృష్టించేవాడికి వాక్ స్వేచ్ఛ రక్షణ ఇవ్వదన్న హోమ్స్ పోలిక అంతకంటే ప్రసిద్ధం. కానీ 1919లో ఆయన ఆ పోలిక వాడింది సైన్యంలో నిర్బంధ నియామకాన్ని వ్యతిరేకిస్తూ కరపత్రాలు పంచినవారిని జైలుకు పంపడానికి అన్నది చాలామంది గుర్తుంచుకోరు. కరపత్రం చదివినవాడికి ఆలోచించుకునే సమయం ఉంటుంది, కేక విన్నవాడికి ఉండదు. 1969లో అమెరికా సుప్రీంకోర్టే వెంటనే జరగబోయే చట్టవిరుద్ధ చర్యను ప్రేరేపించే మాటకే శిక్ష పరిమితం కావాలని చెప్పి ఆ తేడా దగ్గరికి చేరింది.

నీ మంచి కోసమే అన్న కారణానికి వద్దాం. మిల్ ఇచ్చిన ఉదాహరణ ఒకటి ఇక్కడ వెలుగు చూపిస్తుంది. కూలిపోయేలా ఉన్న వంతెన మీదికి ఒకడు తెలియక అడుగు పెట్టబోతున్నాడు, హెచ్చరించే వ్యవధి లేదు. అప్పుడు అతన్ని పట్టి లాగడం స్వేచ్ఛకు భంగం కాదు, నదిలో పడాలని అతను కోరుకోవడం లేదు గనక. ప్రమాదం ఖాయం కాక కేవలం అవకాశంగా ఉంటే మాత్రం, అది తెలిశాక కూడా దాటాలా వద్దా అన్నది అతని నిర్ణయం. తెలియనితనం, మత్తు, భయం, బలవంతం, పసితనం వంటివి నిర్ణయాన్ని మనిషిది కాకుండా చేసినప్పుడు ఆపడం అతని పక్షాన నిలబడటమే. 1970లో ఆస్ట్రేలియాలోని విక్టోరియా రాష్ట్రం కారులో సీటు బెల్టును తప్పనిసరి చేసింది, తరవాత చాలా దేశాలు అదే దారి పట్టాయి. దీన్ని సమర్థించేవారు గాయపడినవాడి వైద్యం ఖర్చు అందరూ భరించాలి కదా అంటారు. అది బలహీనమైన వాదన. ఖర్చే కారణమైతే కొండలు ఎక్కడాన్ని, ఆలస్యంగా నిద్రపోవడాన్ని, పెళ్లి చేసుకోకుండా ఉండటాన్ని కూడా నిషేధించవచ్చు. బెల్టు నిబంధన నిలబడేది దాని స్వల్పత్వం మీద. అది ఎవరి జీవిత లక్ష్యానికీ అడ్డు రాదు, బెల్టు పెట్టుకోకుండా ఉండటమే తన బతుక్కు అర్థం అనేవాడు కనిపించడు. కొండ ఎక్కడమే తన బతుక్కు అర్థం అనేవారు మాత్రం నిజంగానే ఉన్నారు.

ఇక్కడ జారుడు నేల ఉంది. మనిషిలో నిజమైన సంకల్పం ఒకటి, పైపై కోరిక ఒకటి ఉంటాయని, మొదటిదాన్ని మేమే గ్రహించామని పాలకుడు అనుకున్నాడంటే ఇక హద్దులకు హద్దు ఉండదు. సమాజమంతటి ఉమ్మడి సంకల్పానికి లోబడనివాణ్ణి స్వేచ్ఛగా ఉండేలా బలవంతపెట్టాలని 1762లో తత్వవేత్త రూసో రాశాడు. ఆ తరహా ఆలోచన ఎక్కడికి దారి తీయగలదో 1958లో తత్వవేత్త ఐజయా బెర్లిన్ ఆక్స్‌ఫర్డ్ ప్రసంగంలో వివరించాడు. వంతెన దగ్గర పట్టి లాగినవాడు ఒక్క నిమిషంలో చేయి వదిలేస్తాడు, ఏం జరిగిందో చెబుతాడు. చేయి వదలని రక్షకుణ్ణి రక్షకుడు అనలేం.

అంగీకారం ఉన్నా ఆపవచ్చునా అన్న ప్రశ్నకు తేలికైన జవాబు లేదు. తనను తాను బానిసగా అమ్ముకునే ఒప్పందం చెల్లదని మిల్ అన్నాడు. స్వేచ్ఛను వాడి స్వేచ్ఛనే శాశ్వతంగా వదులుకోవడం దాని ఉద్దేశాన్నే చంపుతుంది. ఇంతవరకు చిక్కు లేదు. ఫ్రాన్సులో మరుగుజ్జు వ్యక్తిని రక్షణ దుస్తులు తొడిగి పరుపు మీదికి విసిరే వినోదాన్ని ఒక పట్టణ మేయర్ 1991లో నిషేధించాడు. ఆ పని చేసే వ్యక్తే నిషేధాన్ని సవాలు చేశాడు: తనకు దొరికిన ఉపాధి ఇదేనని, గౌరవం పేరుతో పని పోగొట్టడమే తన గౌరవానికి భంగమని. 1995లో ఫ్రాన్సు అత్యున్నత పరిపాలనా న్యాయస్థానం మానవ గౌరవాన్ని కారణంగా చూపి నిషేధాన్ని నిలబెట్టింది. 2002లో ఐక్యరాజ్యసమితి మానవ హక్కుల కమిటీ ఆయన ఫిర్యాదును తోసిపుచ్చింది. ఆ వినోదం చూసి నవ్వినవాళ్లు వీధిలో మరో మరుగుజ్జు మనిషిని ఎలా చూస్తారు అన్న ప్రశ్న నిజమైనదే, నిషేధానికి దొరికే బలమైన ఆధారం అదే. కానీ ఎవరి గౌరవం కోసం అంటున్నామో ఆ మనిషే ఎదురుగా నిలబడి వద్దంటున్నప్పుడు, అతనికి వేరే పని చూపకుండా తలుపు మూసేయడం మేరీ మాలన్‌కు జరిగినదాన్నే గుర్తు చేస్తుంది.

కారణం సరైనదే అయినా కొలత తప్పవచ్చు. ఔషధ దుకాణాల సంఖ్యను పరిమితం చేసిన బవేరియా చట్టాన్ని 1958లో జర్మనీ రాజ్యాంగ న్యాయస్థానం కొట్టివేసింది. మందులు సురక్షితంగా ప్రజలకు అందాలన్న ఉద్దేశాన్ని కోర్టు కాదనలేదు, అర్హతలు పరీక్షించి, అమ్మకాలను తనిఖీ చేసి అదే సాధించవచ్చు కదా అని అడిగింది. ఆ హద్దు నిజంగా ఫలితం ఇస్తుందా, అంతకన్నా తేలికైనది సరిపోదా, దొరికే మేలు పోయే స్వేచ్ఛకు సాటి వస్తుందా అన్న ప్రశ్నలు ఇప్పుడు చాలా దేశాల న్యాయస్థానాల్లో వినిపిస్తాయి. 1966 నాటి అంతర్జాతీయ పౌర, రాజకీయ హక్కుల ఒడంబడిక ఇంకో మెట్టు ఎక్కి, జాతి మనుగడకే ముప్పు వచ్చిన అత్యవసర స్థితిలో కూడా చిత్రహింసకు, బానిసత్వానికి, మనస్సాక్షి స్వేచ్ఛ రద్దుకు వీలు లేదని చెప్పింది. ఆ ఒడంబడికలోని పరిమితులను ఎలా చదవాలో వివరిస్తూ 1984లో సిసిలీలో రూపొందిన సిరాక్యూసా సూత్రాలు, హద్దు చట్టబద్ధంగా, అవసరమైనంత మేరకే, సాధ్యమైనంత తేలికగా ఉండాలని, దాన్ని సమర్థించే భారం రాజ్యానిదేనని పేర్కొన్నాయి.

ఈ భారాన్ని మోయవలసిన సమయం అత్యవసర స్థితే, మోయకుండా తప్పించుకోవడం ఎక్కువగా జరిగేదీ అప్పుడే. 1942 ఫిబ్రవరిలో అమెరికా అధ్యక్షుడి ఉత్తర్వుతో పశ్చిమ తీరంలోని జపాన్ సంతతివారిని ఇళ్ల నుంచి తరలించడం మొదలైంది. దాదాపు 1,20,000 మంది శిబిరాలకు చేరారు, వారిలో మూడింట రెండు వంతులు ఆ దేశ పౌరులే. ఒక్కొక్కరి మీద ఆరోపణ లేదు, విచారణ లేదు, గడువు లేదు. సైనిక అవసరం అన్న ఒక్క మాటను 1944లో సుప్రీంకోర్టు ఆరుగురు న్యాయమూర్తుల మద్దతుతో, ముగ్గురు విభేదించినా అంగీకరించింది. నువ్వు చేసిన పని ఇదీ అని చెప్పడానికి ఆ 1,20,000 మందిలో ఎవరి ముందూ నిలబడే అధికారి లేడు. 1988లో అమెరికా కాంగ్రెస్ చట్టం చేసి క్షమాపణ చెప్పింది, అప్పటికి బతికి ఉన్నవారికి తలకు 20,000 డాలర్ల పరిహారం ప్రకటించింది. మొదటి చెక్కులు 1990లో అందాయి. చివరి శిబిరం 1946లో మూతపడింది. అక్కడికి తరలించిన నాటికే వృద్ధులైనవారిలో ఆ చెక్కు అందుకునేంత కాలం బతికినవారు ఎక్కువ మంది ఉండటానికి వీల్లేదు.